రబ్బరు పడవకు తొడుగు

శనివారం పొద్దున ఆరు గంటలకు ఉప్పలయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కిషన్ రావు సారు రబ్బరు పడవకు కుట్టిన తొడుగును మధ్యాహ్నంలోపు ఎక్కించాలి, కింద తాడు బిగించాలి, సాయంత్రం పడవను అప్పజెప్పాలి. మామూలుగా రెండో శనివారం సాయంత్రం అతనికి హన్మకొండ బస్టాండుకు పోయే పని ఇంకొకటి ఉంటుంది. ఈసారి ఆ పని లేదు. మిగతా పనులన్నీ కలిపినా ఆ ఒక్క పని లేని వెలితి పూడేట్టు లేదు.

ఉప్పలయ్యకు మట్టెవాడలో సీటు కవర్ల దుకాణం ఉంది. కారు సీట్లు, మోటారు సైకిళ్లు, కూలర్లు, వాషింగ్ మిషన్లు, దేనికి తొడుగు కావాలన్నా కుడతాడు. అతని భార్య శోభారాణి లెక్కల టీచరు. పెళ్లయ్యాకే చదువుకుంది. అతను మిషను తొక్కుతుంటే పక్కన కూర్చుని, కుట్లు విప్పే పని చేస్తూ పాఠాలు వల్లెవేసేది. ఆ కవర్ల మీదే బీఈడీ అయింది, ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల కింద ఆమెను ఏటూరునాగారం అవతల ఉన్న ఒక మగపిల్లల ఆశ్రమ పాఠశాలకు బదిలీ చేశారు. హాస్టలు పిల్లలతో పాటే ఉండాలి. నెలకొకసారి, రెండో శనివారం వస్తుంది, ఆదివారం పోతుంది. కూతురు హైదరాబాదులో కాలేజీ హాస్టల్లో ఉంటోంది కాబట్టి, మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది ఉప్పలయ్య, కుట్టు మిషనూ.

శుక్రవారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఆ బళ్లో నీళ్ల ట్యాంకు మెట్ల మీద తప్ప ఇంకెక్కడా సిగ్నల్ ఉండదు. అక్కడ నిలబడి చేసింది.

"ఈసారి వస్తలేను. సోమవారం ఇన్‌స్పెక్షన్ ఉన్నది."

"సరే."

"పోయిన నెల కూడ రాలే."

"అవును."

"బదిలీల ఆప్షన్ పెట్టుమంటాండ్రు. సోమవారం ఆఖరు. వరంగల్ దిక్కు అడుగన్నా, ఇక్కడనే ఉంటనని రాయన్నా?"

'వచ్చెయ్' అనే మాట ఉప్పలయ్య నాలుక మీదే ఉంది. రెండేళ్లుగా అక్కడే ఉంది. కానీ ఆ పిల్లల గురించి చెప్పేటప్పుడు ఆమె ముఖం ఎట్లా వెలుగుతుందో అతనికి తెలుసు. తన ఒంటరితనం కోసం ఆమెను వెనక్కి లాగడం న్యాయంగా తోచలేదు. అందుకని బాగా ఆలోచించి, "నీ ఇష్టం" అన్నాడు.

అవతల కాసేపు గాలి శబ్దం వినిపించింది.

"నా ఇష్టమా. మంచిది. ఇంకేమన్న చెప్పేదున్నదా?"

"అన్నం తిన్నవా?"

"తిన్న," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అందుకే శనివారం పొద్దున పడవను వీధిలోకి లాగి, కాలి పంపుతో గాలి కొడుతున్నప్పుడు ఉప్పలయ్య మనసు అక్కడ లేదు. పడవ పెద్దది, నలుగురు కూర్చునేది, అడుగున చెక్క పలకలున్నది. కిషన్ రావు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా చెరువులను ఒడ్డు మీది నుంచే చూశానని, ఇప్పుడు లోపలికి పోయి చూస్తానని పాలంపేట దగ్గర రామప్ప చెరువులో తెడ్డు వేస్తుంటాడు. పాత పడవ ఎండకు జిగురు కారి, అతుకులు విడిపోయి పాడైంది. కొత్తదానికి అట్లా కాకుండా గాలి గొట్టాల మీద గట్టి క్యాన్వాసు తొడుగు కావాలన్నాడు. ఉప్పలయ్య గురువారం తెల్లవారుజామున పడవను ఉబ్బించి, మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, తాడు కట్టే రింగులు, తెడ్డు కొక్కేలు ఎక్కడెక్కడ వస్తాయో పెన్నుతో గుర్తులు పెట్టి కొలత తీసుకున్నాడు. చొక్కాకు తీసినంత శ్రద్ధగా తీశాడు. అరంగుళం కూడా వదులు వదల్లేదు. వదులుంటే గాలికి కొట్టుకుంటుందని అతని భయం.

ఎదుటి గాజుల దుకాణం మొగిలమ్మ షట్టరు ఎత్తి, వీధి మధ్యలో ఉబ్బిన పడవను చూసింది. మూడేళ్ల కింద వానలకు ఆ వీధిలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఆ రోజు ఆమె గాజుల పెట్టెలు తేలుతూ వీధి మూల దాకా పోయాయి.

"ఏంది తమ్మీ, గిట్ల తయారైనవ్. వస్తదా ఏంది?" అని అడిగింది.

ఆ మాటకు మొగిలమ్మ మనసులో ఒకటే అర్థం ఉంది. ఉప్పలయ్య మనసులో కూడా ఒకటే అర్థం ఉంది. రెండూ ఒకటి కావు.

"ఈ వారం రాదక్కా," అన్నాడు ఉప్పలయ్య నిట్టూర్చి. "నిన్న ఫోన్ వచ్చింది. వస్తే వచ్చే శనివారం రావాలె."

"ఎటు నుంచి?"

"ఎటు నుంచేంది, ఏటూరునాగారం దిక్కు నుంచే గద."

మొగిలమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. ఏటూరునాగారం దిక్కు అంటే గోదావరి.

"వస్తే ఎన్ని దినాలుంటది?"

"ఎన్ని దినాలక్కా, ఒక్క రాత్రి. ఇల్లంత ఒక్కసారి కలియబెట్టి, సాఫ్ చేసి పోతది. దాని తర్వాత నెల దినాలు ఏ వస్తువు యాడున్నదో నాకు దొరకది."

"ఆపేటోళ్లు ఎవరు లేరా?"

"సర్కారోళ్ల చేతుల ఉన్నది. నడుమ మనమేం చేస్తం," అని ఉప్పలయ్య అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

మొగిలమ్మకు మిగిలిన ఒక్క అనుమానం కూడా దాంతో పోయింది. చీపురు అక్కడే పడేసి కిరాణా వెంకట్రాజం దుకాణానికి నడిచింది.

ఎనిమిది గంటలకు 'వచ్చే శనివారం' అన్నది తొమ్మిదింటికి 'ఈ శనివారం' అయింది. పదింటికి 'ఈ సాయంత్రం' అయింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. కానీ మొన్నటిసారి కూడా పైన ఎక్కడో కురిసిన వానకే ఇక్కడ మునిగామని వెంకట్రాజం అందరికీ గుర్తుచేశాడు. అతను బియ్యం బస్తాలను ఒక్కొక్కటిగా మేడ మీదికి చేర్పించి, చెమటలు కక్కుతూ ఉప్పలయ్య దగ్గరికి వచ్చాడు.

"ఉప్పలన్నా, నాకు ఐదు సీట్లు రాసుకో. ముందుగల్ల చెప్తాన, మళ్ల లేవనద్దు."

ఉప్పలయ్య ఆర్డర్ల పుస్తకం తీశాడు. "ముందటియా, ఎనుకటియా?"

"ఏడైనా సరే. మా అమ్మకు మాత్రం నడుమ ఇయ్యి. ఆమెకు భయం."

పెద్ద కారు కొన్నాడేమో అనుకున్నాడు ఉప్పలయ్య. "రంగు ఏది పెట్టమంటవ్?"

"రంగు ఏదైతే ఏందన్నా, ప్రాణం మీదికి వచ్చినంక."

సీట్లు అంత చినిగిపోయేదాకా ఎందుకు ఊరుకున్నాడో అని జాలిపడి, ఉప్పలయ్య 'వెంకట్రాజం, ఐదు సీట్లు, అర్జంటు' అని రాసుకున్నాడు. తర్వాత మొగిలమ్మ నాలుగు సీట్లంది. మూల మీది టిఫిన్ బండి ఆయన మూడన్నాడు, గ్యాస్ పొయ్యి కూడా పడుతుందా అని అడిగాడు. దానికి వేరే కవర్ కుడతానని ఉప్పలయ్య మాట ఇచ్చాడు. పదకొండు గంటలకు పుస్తకంలో ముప్పయ్యొక్క సీట్లు ఉన్నాయి. దుకాణం పెట్టినప్పటి నుంచి ఒక్క పూటలో ఇంత గిరాకీ రాలేదు. ఈ సంగతి శోభకు చెబితే ఎంత సంతోషపడేదో అనుకున్నాడు. కానీ 'నీ ఇష్టం' అన్న మనిషి మర్నాడే ఫోన్ చేసి సీట్ల లెక్క చెబితే బాగుండదని ఊరుకున్నాడు.

పన్నెండింటికి తొడుగు ఎక్కించడం మొదలుపెట్టాడు. ముందు కొస నుంచి దిండు గలీబు తొడిగినట్టు లాక్కుంటూ వచ్చాడు. రింగుల దగ్గర రంధ్రాలు సరిగ్గా కూర్చున్నాయి, కొక్కేల దగ్గర సరిగ్గా కూర్చున్నాయి. వెనక కొసకు వచ్చేసరికి తొడుగు రెండు వేళ్లు తక్కువైంది. లాగితే రాలేదు. కాలు పెట్టి తన్ని లాగినా రాలేదు. పడవ మీద చెయ్యి వేసి చూస్తే పెనంలా కాలుతోంది. అప్పుడు అర్థమైంది. కొలత తీసింది తెల్లవారుజాము చల్లదనంలో. ఇప్పుడు ఎండకు లోపలి గాలి ఉబ్బి, పడవ లావెక్కింది.

కొంచెం గాలి వదిలితే సరిపోయేది. కానీ గాలి మూత తొడుగు కిందికి పోయింది. తొడుగేమో బిర్రుగా పట్టేసి, పైనుంచి వేలు కూడా దూరనివ్వడం లేదు. ఉప్పలయ్య పడవను రెండు స్టూళ్ల మీద బోర్లించి, కింద నుంచి తల దూర్చి, తాడు సందులోంచి చెయ్యి పెట్టి మూత కోసం వెతికాడు. మూత దొరికే లోపల ఒక స్టూలు జరిగింది. చెక్క పలకలతో సహా పడవ అతని మీద బోర్లా పడింది. తొడుగు తాడు చెయ్యికి చుట్టుకుంది. చొక్కా జేబులోని ఫోన్ పటుక్కుమంది. బయటికి కనిపించేవి మోకాళ్ల నుంచి కింది భాగం, ఒక చెప్పు.

మొగిలమ్మ ముందు ఫొటో తీసింది, తర్వాత కేక వేసింది. కేకకు నలుగురు పరుగెత్తుకొచ్చారు. వాళ్లు వచ్చి పడవను ఎటు నుంచి ఎత్తాలో మాట్లాడుకునే లోపల ఆమె ఆ ఫొటోను శోభారాణికి పంపింది. సొంత మనిషికి మొదట తెలియాలి కదా అని ఆమె ఉద్దేశం. ఫొటో కింద 'శోభా, ఉప్పలయ్య పడవ కిందికి పోయిండు' అని రాసింది.

పావుగంటకు ఉప్పలయ్యను బయటికి తీశారు. ఒళ్లంతా చెమట, మోచేతికి చిన్న గీత, అంతకుమించి ఏమీ కాలేదు. అప్పుడే తన పడవ ఎంతవరకు వచ్చిందో చూద్దామని కిషన్ రావు వచ్చాడు. బోర్లా పడిన పడవ చుట్టూ మూటలు, ట్రంకు పెట్టెలు, ఒక గ్యాస్ పొయ్యి, కుర్చీలో కూర్చున్న వెంకట్రాజం తల్లి కనిపించారు.

"ఏందయ్యా ఇదంతా?" అన్నాడు కిషన్ రావు.

"సార్, మాయి ఐదు సీట్లు. రాసుకున్నడు, పుస్తకంల ఉన్నది," అన్నాడు వెంకట్రాజం.

"ఏం సీట్లు?"

"పడవల సీట్లు. వరద వస్తాంది గద సార్."

కిషన్ రావు ముప్పయి నాలుగేళ్లు నీళ్ల లెక్కలు చూసిన మనిషి. ఆకాశం వైపు ఒకసారి చూసి, "ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాడు. అందరూ మొగిలమ్మ వైపు చూశారు. మొగిలమ్మ ఉప్పలయ్య వైపు చూసింది.

"నువ్వే గద తమ్మీ చెప్పినవ్. ఏటూరునాగారం దిక్కు నుంచి వస్తది, ఒక్క రాత్రి ఉంటది, ఇల్లంత కలియబెట్టి పోతదని."

"అది మా శోభ గురించి అక్కా," అన్నాడు ఉప్పలయ్య.

వెంకట్రాజం మేడ మీదికి ఎక్కించిన బస్తాల వైపు తలెత్తి చూశాడు. అతని తల్లి మాత్రం, "పెండ్లాం రాలేదని ఏడ్చిండా పాపం. మంచోడే," అంది.

మొగిలమ్మకు అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. "శోభ ఫోన్ చేసింది నాకు, నిన్ను తీసినప్పుడు. ఫొటో చూసినట్టున్నది."

"ఏమన్నది?"

"ఏం వినపడలే. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెప్పిన. ఇప్పుడే బయటికి తీసినం, నలుగురు మోసిండ్రు అన్న. గంతట్లనే కట్ అయింది."

కిషన్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. "మొగిలమ్మా, చచ్చిపోయినోని గురించి కూడ గట్లనే చెప్తరు."

ఉప్పలయ్య జేబులోంచి ఫోన్ తీశాడు. అద్దం పగిలి నల్లబడింది. కిషన్ రావు ఫోన్‌తో శోభారాణి నంబరు పదిసార్లు కొట్టాడు. అందుబాటులో లేదని పదిసార్లూ చెప్పింది. బడి నంబరు ఎవరి దగ్గరా లేదు. ఆమె ఆ నీళ్ల ట్యాంకు మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ ఉంటుందని అతనికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఏం జరిగినా తను బతికి ఉన్నట్టు ఆమెకు చూపించాలి. ఒంటి చెప్పుతోనే ఆటో ఎక్కాడు. హన్మకొండ బస్టాండులో రెండున్నరకు ఏటూరునాగారం బస్సు కదులుతుంటే పరుగెత్తి పట్టుకున్నాడు.

శోభారాణి మెట్ల మీద కూర్చుని ఏడవలేదు. ఆమె లెక్కల టీచరు. మధ్యాహ్నం ట్యాంకు మెట్లెక్కగానే వచ్చిన ఫొటోలో కాళ్లను చూసింది, మొగిలమ్మ మాటల్లో తెగకుండా వినిపించిన రెండు ముక్కలను కలిపింది, అతని ఫోన్ స్విచాఫ్ అని విన్నది. హెడ్ మాస్టరు వీరభద్రం సారుకు రెండు మాటల్లో చెప్పి, రెండు గంటలకు రోడ్డు మీదికి వచ్చి వరంగల్ బస్సు ఎక్కింది. బస్సు తాడ్వాయి అడవి దాటుతున్నంతసేపు సిగ్నల్ లేదు. ఆ తర్వాత ఛార్జింగు లేదు. నిన్న సాయంత్రం 'అన్నం తిన్నవా' అన్న మనిషికి 'నువ్వు తిన్నవా' అని తిరిగి అడగలేదే అన్నదొక్కటే ఆమె దారి పొడవునా తలుచుకుంది.

ములుగు దగ్గర్లో ఎక్కడో రెండు బస్సులూ ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి. ఇద్దరూ కిటికీ పక్కనే కూర్చున్నారు. ఇద్దరివీ ఎడమ కిటికీలే.

ఉప్పలయ్య ఆశ్రమ పాఠశాల గేటు దగ్గర దిగేసరికి ఆరు దాటింది. మైదానంలో పిల్లలంతా వరుసల్లో తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. టీచర్లు కూడా నిలబడ్డారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరో పోయారని ఉప్పలయ్యకు అర్థమైంది. మధ్యలో అడుగుపెట్టి మాట్లాడితే మర్యాద కాదని, చివరి వరుసలో నిలబడి తనూ చేతులు కట్టుకుని తల వంచాడు. రెండు నిమిషాలు కదలకుండా ఉన్నాడు. పోయిన మనిషి ఆత్మకు శాంతి కలగాలని మనసులో గట్టిగానే కోరుకున్నాడు. ఆ తర్వాత పక్కనున్న పెద్దమనిషిని మెల్లగా అడిగాడు.

"ఎవరు సార్ పోయింది?"

"మా శోభారాణి టీచర్ భర్త," అన్నాడాయన. ఆయనే వీరభద్రం. "మంచి మనిషట. పడవ బోల్తా పడి. మీరెవరు?"

ఉప్పలయ్య కాసేపు ఆలోచించాడు. ఎట్లా చెప్పినా బాగుండదని తోచింది.

"నేను ఉప్పలయ్యను సార్," అన్నాడు.

ఆ పేరు ముందు వరుస దాకా గుసగుసగా పాకింది. వరుసలు చెదిరిపోయాయి. రెండు వందల మంది పిల్లలు అతని చుట్టూ మూగారు. చనిపోయిన మనిషి నడిచొచ్చినందుకు కూడా కాదు, ఉప్పలయ్య అనే మనిషి నిజంగా ఉన్నందుకు వాళ్లు ఆశ్చర్యపోతున్నారు. ఆ సంగతి అతనికి వీరభద్రం చెప్పాడు.

"మీ పేరు తెల్వని పిల్లగాడు లేడన్నా ఈ బళ్లె. టీచర్ ఇచ్చే లెక్కలన్నిట్ల మీరే ఉంటరు."

అతన్ని ఎనిమిదో తరగతి గదిలోకి తీసుకుపోయాడు. నల్లబల్ల మీద పొద్దుటి లెక్కలు ఇంకా తుడపలేదు. శోభ గుండ్రని చేతిరాత. 'ఉప్పలయ్య రోజుకు నాలుగు కవర్లు కుడతాడు. నెలలో ఒక రోజు సెలవు తీసుకుంటాడు. అయితే…' దాని కింద ఇంకొకటి. 'ఉప్పలయ్య 110 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. బస్సు గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోతే, అతన్ని చేరడానికి ఎంత సమయం పడుతుంది?'

జవాబు ఖాళీగా ఉంది. ఉప్పలయ్య చాలాసేపు ఆ బల్ల ముందు నిలబడ్డాడు. చదువుకుంది ఇంటర్ దాకానే అయినా ఆ లెక్క అతనికి అర్థమైంది.

"టీచర్ ఏది సార్?" అన్నాడు చివరికి.

"మీ దగ్గరికే పోయింది గద," అన్నాడు వీరభద్రం.

ఆ సమయానికి శోభారాణి మట్టెవాడ వీధి మొదట్లో ఆటో దిగింది. వీధిలో జనం, మధ్యలో బోర్లా పడ్డ పడవ, దాని పక్కన ఒంటి చెప్పు. మొగిలమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "ఉన్నడు బిడ్డా, మంచిగనే ఉన్నడు. నిన్ను చూస్తనని నీ దగ్గరికే పోయిండు," అని, పొద్దుటి నుంచి జరిగింది వరసగా చెప్పింది. తన తప్పు ఉన్న చోట కొంచెం వేగంగా చెప్పింది.

శోభారాణి దుకాణం మెట్టు మీద కూర్చుంది. నవ్వింది. ఆ నవ్వు మధ్యలో మారిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లేచి ముఖం కడుక్కుని, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, తొడుగు అంచు వేళ్లతో పట్టి చూసింది.

"వదులు ఇయ్యలే. ఎన్నిసార్లు చెప్పిన్నో, ప్రాణమున్నదానికి, గాలి ఉన్నదానికి వదులు ఇయ్యాలె అని," అంది.

కిషన్ రావు మర్నాడు పొద్దున్నే పడవ కావాలన్నాడు. ఎండ తగ్గడంతో పడవ కూడా సన్నబడి, తొడుగు సులువుగానే ఊడివచ్చింది. ఆమె వెనక కుట్టు విప్పి, రెండు వేళ్ల వెడల్పు పట్టీ ఒకటి మధ్యలో వేసి కుట్టడానికి కూర్చుంది. తొడుగు కుట్టిన బూడిద రంగు గుడ్డ అయిపోయింది. కూలర్ కవర్ల నీలం గుడ్డ దొరికితే అదే వేసింది.

పట్టీ సగం కుట్టేసరికి మొగిలమ్మ ఫోన్ మోగింది. వీరభద్రం ఫోన్ తీసుకుని ఉప్పలయ్య నీళ్ల ట్యాంకు మెట్లెక్కాడు. మెట్ల కింద పిల్లలంతా చేరారు. ఇక్కడ మొగిలమ్మ స్పీకర్ పెట్టి ఫోన్‌ను మిషను మీద పెట్టింది. వీధి వీధంతా దుకాణం ముందు నిలబడింది.

"శోభా," అన్నాడు ఉప్పలయ్య.

"చెప్పు."

"నాకేం కాలే."

"తెలిసింది. కొలత ఎప్పుడు తీసినవ్?"

"పొద్దుగాల ఐదింటికి."

"మరి ఎండకు ఉబ్బదా?"

"యాది లేకుండె. నాకు ఈ నడుమ ఏది యాదికి ఉంటలేదు." అతను ఆగాడు. కింద పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అతనికి తెలిసిపోయింది. "శోభా, నీ ఇష్టం అన్న గద నిన్న. అది నా ఇష్టం కాదు."

"వినపడతలేదు."

"నువ్వు లేకపోతే నాకు మంచిగుంటలేదు అంటాన."

"ఏంది? గాలి శబ్దమొస్తాంది, జర గట్టిగ చెప్పు."

ఉప్పలయ్య రెండో మెట్టు నుంచి ఆఖరి మెట్టుకు ఎక్కి, గుండెల నిండా ఊపిరి తీసుకుని అరిచాడు. "నువ్వు లేకపోతే నాకు ఇల్లు ఇల్లు లెక్క ఉంటలేదు. కుట్టిన కవర్ చూపించేటందుకు మనిషి లేదు. అన్నం తిన్నవా అని అడిగేది నువ్వు తిన్నవా లేదా అని కాదు. ఇంకేం అడగాల్నో తెల్వక."

ట్యాంకు కింద పిల్లలు చప్పట్లు కొట్టారు. మట్టెవాడలో వెంకట్రాజం గొంతు సవరించుకుని అటు చూశాడు. శోభారాణికి మొదటిసారి చెప్పినప్పుడే స్పష్టంగా వినపడింది. అయినా, "ఇంకొక్కసారి చెప్పు," అంది.

అతను ఇంకొకసారి చెప్పాడు.

"సరే, నువ్వు అక్కడనే ఉండు," అంది ఆమె. "పొద్దుగాల మొదటి బస్సుకు నేనే వస్త. ఎట్లాగూ సోమవారం ఇన్‌స్పెక్షన్ ఉన్నది. కదలకు."

"కదల," అన్నాడు ఉప్పలయ్య.

ఆ రాత్రి పిల్లలు పడుకునేదాకా అతనికి చేతులు ఊరుకోలేదు. హాస్టల్లో పరుపులన్నీ చినిగి పీచు బయటికి వస్తోంది. వీరభద్రం ఎక్కడి నుంచో పాత చేతి మిషను తెప్పించాడు. ఉప్పలయ్య పన్నెండు పరుపులకు కుట్లు వేసి, చుట్టూ చేరిన పిల్లలకు గలీబు ఎట్లా కత్తిరించాలో చూపించాడు. ఏటూరునాగారంలో కవర్లు కుట్టే దుకాణం ఒక్కటి కూడా లేదని మాటల్లో వీరభద్రం చెప్పాడు. ఆ మాట ఉప్పలయ్య మనసులో కూర్చుండిపోయింది.

ఆదివారం తెల్లవారింది. కదలనని మాట ఇచ్చిన మనిషి ఐదింటికి లేచి స్నానం చేశాడు, ఐదున్నరకు గేటు దాకా వచ్చి చూశాడు. ఆమె వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. నాలుగు గంటలు. రెండేళ్లు ఎదురుచూసిన మనిషికి ఆ నాలుగు గంటలు మాత్రం కూర్చోవడం చేతకాలేదు. ములుగు దాకా ఎదురుపోతే గంటన్నర కలిసొస్తుందని లెక్క కట్టి, మొదటి బస్సు ఎక్కేశాడు.

అక్కడ శోభారాణి తెల్లవారకముందే కిషన్ రావుకు పడవ అప్పజెప్పింది. వెనక నీలం పట్టీని చూసి ఆయన, "ఇదేందమ్మా?" అన్నాడు. "డిజైన్ సార్," అని ఆమె ఆటో ఎక్కింది.

ములుగు బస్టాండులో రెండు వైపుల బస్సులూ పది నిమిషాలు ఆగుతాయి. వరంగల్ నుంచి వచ్చిన బస్సు దిగి, టీ తాగుదామని హోటల్ వైపు నడిచిన శోభారాణికి అక్కడ బెంచీ మీద, రబ్బరు చెప్పులు వేసుకుని కూర్చున్న మనిషి కనిపించాడు. చెప్పులు అతనివి కావు. వీరభద్రం సారువి.

"కదలకన్న గద," అంది.

"ఎక్కువ కదలలే. సగమే," అన్నాడు ఉప్పలయ్య.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. టీ వచ్చింది. ఇద్దరూ ఊదుకుంటూ తాగారు. కొంతసేపటికి ఉప్పలయ్య అన్నాడు. "ఆప్షన్ ఏం పెడ్తవ్?"

"వరంగల్ దిక్కు. రాత్రే అనుకున్న."

"వద్దు. ఆ పోరగాండ్లను చూసిన. నువ్వు లేకపోతే ఎట్ల? నేనే ఏటూరునాగారంల దుకాణం పెడ్త. అక్కడ కవర్లు కుట్టేటోడు ఒక్కడు లేడు."

"ఇరవై ఏండ్ల గిరాకీ ఇడిచిపెట్టి అడివిల కూసుంటవా?"

"నువ్వు కూసుంటలెవ్వా?"

"నాది నౌకరి. నేనే వస్త."

"నువ్వు రాకు, నేనే వస్త."

ఎవరు ఎవరి దగ్గరికి రావాలన్నది టీ అయ్యేలోపు తేలలేదు. ఇంకో టీ చెప్పారు. మధ్యాహ్నం అక్కడే ఇడ్లీలు తిన్నారు. నీడ జరిగిన కొద్దీ బెంచీ జరుపుకుంటూ వాదించుకున్నారు. గొంతు పెంచిన చోట నవ్వు వచ్చింది, నవ్విన చోట మళ్లీ వాదన వచ్చింది. ఫారం నింపడానికి ఇంకా రేపటి దాకా గడువు ఉంది.

ఆ ఆదివారం రెండు వైపుల బస్సులూ, ఎన్నడూ లేని విధంగా, సరిగ్గా టైముకు వచ్చి టైముకు వెళ్లిపోయాయి.